సరిగమల సందు: టాక్సీ తోలిన సంగీతకర్త

పేట్ బషీరాబాద్ నుంచి ఒక కాలేజీ కుర్రాడి ఉత్తరం: “సార్! పియానో నేర్చుకుంటున్నాను. సినిమా పాటలు కాకుండా సొంతంగా శాస్త్రీయ సంగీతం రాసుకోవాలని కోరిక. అన్నం పెడుతుందా అని నాన్న అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?”

తమ్ముడూ! నాన్నగారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇద్దరి కథ చెబుతాను. ఇద్దరికీ గురువు ఒక్కరే... పారిస్‌లో పాఠాలు చెప్పిన నాదియా బులాంజే.

మొదటాయన అమెరికా సంగీతకర్త ఫిలిప్ గ్లాస్. 1937లో పుట్టాడు. పారిస్‌లో చదువుతూండగా ఓ సినిమా కోసం మన రవిశంకర్ సంగీతాన్ని పాశ్చాత్య పద్ధతిలో రాసిపెట్టే పని దొరికింది. రాసింది వాయిస్తుంటే తబలా అల్లా రఖా ఒప్పుకోడే! నొక్కు తప్పుతోందంటాడు. విసిగిపోయి గ్లాస్ కాగితం మీది అడ్డగీతలన్నీ చెరిపేశాడు. అంతే, తాళం నడక కళ్ల ముందు నిలిచింది! చిన్న ముక్కలు కలుపుకుంటూ పోతే పెద్ద ఆవర్తనం అవుతుందన్న ఆ కిటుకు మీదే తన బాణీ కట్టుకున్నాడు.

మరి అన్నం? న్యూయార్కులో కుళాయిలు బిగించాడు, టాక్సీ తోలాడు. ఒకసారి గిన్నెలు కడిగే యంత్రం అమర్చడానికి వెళితే, ఆ ఇంటాయన పేరున్న కళావిమర్శకుడు, గుర్తుపట్టి నోరెళ్లబెట్టాడట! 1976లో ఆయన ఆపెరా ‘ఐన్‌స్టీన్ ఆన్ ది బీచ్’కి మెట్రోపాలిటన్ హాలు కిక్కిరిసింది. మిగిలింది అప్పు! మళ్లీ టాక్సీయే. 1980లో గాంధీగారి మీద ‘సత్యాగ్రహ’ వచ్చింది. పాడేదంతా సంస్కృతం, భగవద్గీత! తర్వాత ‘కుందున్’, ‘ది అవర్స్’ లాంటి సినిమాలకు ఆస్కార్ నామినేషన్లు.

రెండో ఆయన మన వనరాజ్ భాటియా. 1927లో బొంబాయిలో పుట్టి, లండన్, పారిస్‌లలో చదివి, ఢిల్లీ యూనివర్శిటీలో పాశ్చాత్య సంగీతం బోధించాడు. సింఫనీ రాస్తే వాయించే ఆర్కెస్ట్రా ఏదీ? అందుకని ప్రకటనల ట్యూన్లు కట్టాడు. ఏడు వేల పైచిలుకు! అప్పుడు పిలిచాడు మీ పొరుగున తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్. 1974లో ‘అంకుర్’, తర్వాత వాణిశ్రీ నటించిన మన తెలుగు ‘అనుగ్రహం’... రెండింటికీ సంగీతం భాటియాదే. ‘తమస్’కి జాతీయ బహుమతి, 2012లో పద్మశ్రీ. అయినా చివరి రోజుల్లో డబ్బుకు కటకటలాడి 2021లో కన్నుమూశాడు.

విద్యలో ఎవరూ తీసిపోరు. మరి తేడా ఎక్కడ? గ్లాస్ 1968లోనే సొంత బృందం కట్టాడు. తను రాసింది చాన్నాళ్లు ఇంకెవరికీ ఇవ్వలేదు. వినాలంటే ఆ బృందాన్నే పిలవాలి! హక్కులూ తన గుప్పిట్లోనే ఉంచుకున్నాడు. కాగితమ్మీది స్వరానికి కూలి దొరకదు, మోగితేనే దొరుకుతుందని ముందే గ్రహించాడన్నమాట.

కాబట్టి తమ్ముడూ, నాన్నగారితో ఇలా చెప్పు: “ముందు నాలుగు డబ్బులొచ్చే పని నేర్చుకుంటాను. నా పాట వాయించే నలుగురు స్నేహితుల్ని కూడగడతాను. రాసింది అచ్చంగా నా పేరనే ఉంచుకుంటాను.” సినిమా పిలిస్తే మాత్రం మొహం తిప్పుకోకు సుమా! ‘అంకుర్’ని చిన్నచూపు చూసి ఉంటే భాటియా పేరు నువ్వూ నేనూ వినేవాళ్లమా?

మొదటి కచేరీకి నాకో టిక్కెట్టు పంపు. డబ్బిచ్చే కొంటాను!