తుర్రెబాజ్ ఖాన్ సాథీల పేర్లేవి?

"నువ్వేమన్నా తుర్రం ఖాన్ అనుకుంటున్నావా?" హైదరాబాద్‌లో ఈ మాట అనని వాళ్లు లేరు, అనిపించుకోని వాళ్లూ లేరు. ఆ తుర్రం ఖాన్ మన తుర్రెబాజ్ ఖానేనని షహర్ నమ్మకం. బేగంబజార్ మనిషి. 1857 జూలై 17న, జుమా రోజు, మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి రెసిడెన్సీ మీద హమ్లా చేశాడు. పుత్లీబౌలి నుంచి కోఠీ చౌరస్తాకు పోయే సడక్‌కు ఆయన పేరే ఉంది. బస్సు కోసం అక్కడ నిలబడే వాళ్లలో ఎంతమంది ఆ బోర్డు చదివారో అల్లాకే తెలియాలి.

ఖిస్సా చాలామందికి తెలిసిందే. ఔరంగాబాద్‌లో తిరగబడి, పనాహ్ దొరుకుతుందని మన నగరానికి వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌ను, ఆయన సాథీలను దివాన్ సాలార్ జంగ్ పట్టుకుని రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు అప్పజెప్పాడు. వాళ్లను విడిపించాలని మక్కా మస్జిద్‌లో మాట లేచింది. సుమారు 500 మంది, ఎక్కువగా రోహిల్లాలు, కోఠీ వైపు నడిచారు. పుత్లీబౌలిలో అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల ఇళ్లెక్కి రాత్రంతా తుపాకులు పేల్చారు. అవతల ఫిరంగులున్నాయి. తెల్లారేసరికి అంతా ఖతం.

నా సవాల్ ఇక్కడే. 500 మందిలో మనకు రెండు పేర్లు దక్కాయి. మిగతా వాళ్లు ఎవరు? ఎవరి కొడుకులు, ఏ మొహల్లా వాళ్లు, పొద్దున్నే ఎవరింట్లో మాతం జరిగింది?

అదే గద్దర్‌లో కంపెనీ తరఫున, రాణి తరఫున కొట్లాడిన గోరా సిపాయి సంగతి చూడండి. లండన్‌లో క్యూ అనే చోట వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. 1857 యుద్ధానికి మెడల్ ఎవరెవరికి ఇచ్చారో రెజిమెంట్ వారీగా అక్కడ ఫెహ్రిస్త్ ఉంది. పెన్షన్ మీద రిటైరైన సిపాయి కాగితాల్లో వాడు పుట్టిన ఊరు, చేరకముందు చేసిన పని, ఎత్తు, కళ్ల రంగు, గాయాల గుర్తులు, చాల్‌చలన్ అన్నీ రాసి ఉంటాయి. ఇవాళ ఇంగ్లాండ్‌లో ఓ బస్సు డ్రైవర్ తన ముత్తాత తాత కాన్పూర్‌లో ఉన్నాడో లేదో ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. ఇక్కడ చచ్చిన గోరాలను పూడ్చాక పాదరీలు రిజిస్టర్‌లో ఎక్కించి, నకళ్లు లండన్‌కు పంపేవాళ్లు. సికింద్రాబాద్ ఛావనీలో హైజా వచ్చి పోయిన సిపాయి పేరు కూడా అట్లా సముద్రం దాటి వెళ్లింది.

ఇది ముహబ్బత్‌తో చేసిన పని అనుకోవద్దు. ఎత్తు, కళ్ల రంగు రాసుకున్నది ఫౌజ్ వదిలి పారిపోతే పట్టుకోవడానికి. మిగతాది పెన్షన్ లెక్క. నౌకరీలో ఉండగానే చచ్చిన వాడి కాగితాలను చాలాసార్లు ఉంచుకోనే లేదు, వాళ్లతో ఇక లెక్క లేదు కదా! అయినా ఆ హిసాబ్ కోసం రాసిన రాత వల్లే ఇవాళ ఓ గరీబు గోరాకు కూడా పేరు మిగిలింది.

మన వాళ్లు కాగితంలోకి వేరే దర్వాజాలోంచి వచ్చారు. తుర్రెబాజ్ ఖాన్ పేరు మిగిలింది ఎందుకంటే ఆయన తలకు 5,000 రూపాయల ఇనాం ప్రకటించారు. 1859 జనవరిలో ఖైదు నుంచి తప్పించుకున్నాడు, కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర కాల్చేశారు, శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీ సాహెబ్ పేరు మిగిలింది కాలాపానీ సజా వల్ల. అండమాన్‌లోనే ఇంతిఖాల్ అయ్యారు. వాడు పెన్షన్‌తో దఫ్తర్‌లోకి ఎక్కితే మనోడు జుర్మ్‌తో ఎక్కాడు. ముజ్రిం కాలేనంత చిన్నవాళ్లు ఎక్కనే లేదు.

ఇంకో కడ్వీ బాత్. మన తాతలంతా ఆ రాత్రి తుర్రెబాజ్ వైపే ఉన్నారని చెప్పుకోవడానికి లేదు. హైదరాబాద్ కంటింజెంట్ అనే ఫౌజ్ ఉండేది. ఖర్చు నిజాంది, హుకుం అంగ్రేజులది. దాని బకాయిల కిందే 1853లో బేరార్ పోయింది. ఆ కంటింజెంట్ 1858లో హ్యూ రోజ్ వెంట ఝాన్సీ దాకా పోయి రాణీ మీద కొట్లాడింది. ఆ ముహిమ్‌కు "సెంట్రల్ ఇండియా" పట్టీ ఉన్న మెడల్ ఇచ్చారు. ఎవరింట్లోనైనా పాత సందూక్‌లో విక్టోరియా బొమ్మ ఉన్న వెండి బిళ్ల ఉంటే అది ఏమిటో కనుక్కోండి, సిగ్గుపడి కరిగించొద్దు. తారీఖ్ మనకు నచ్చినంత వరకే ఉంచుకునే చీజ్ కాదు.

"ఈ పురానా కాగజ్‌లు కూడు పెడతాయా?" అంటారు. భాయ్, ఇవాళ ఏ ఆఫీసుకు పోయినా అడిగేది కాగజే కదా. దాదా పేరు ఒక కార్డులో మహ్మద్, ఇంకోదాంట్లో మొహమ్మద్, మూడోదాంట్లో ఎండీ అని ఉంటే మనుమడు ఎన్ని చక్కర్లు కొడుతున్నాడో ప్రతి ఇంటికీ తెలుసు.

కాగజ్ లేకపోవడం ఒక బాధ, ఉన్నది చదవలేకపోవడం ఇంకోటి. 1880ల దాకా మన హుకూమత్ దఫ్తర్ ఫార్సీలో నడిచింది, ఆ తర్వాత ఉర్దూలో. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆ పత్రాలు గుట్టలుగా ఉన్నాయి, చాలావరకు షికస్తా రాతలో. నేను ఉర్దూ మీడియంలో చదివినవాడిని, నాకే షికస్తా ముందు చెమటలు పడతాయి. మన పిల్లలు తెలుగు, ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు, చదవాలి కూడా. కానీ ఇంటికొకరు కాకపోయినా మొహల్లాకు ఇద్దరైనా ఆ రాత నేర్చుకోకపోతే తుర్రెబాజ్ సాథీల పేర్లు అక్కడ ఉన్నా దొరకవు. మద్రసాల్లో ఫార్సీ వచ్చిన నౌజవాన్లు ఉన్నారు. వాళ్లకు ఇమామత్ తప్ప రోజ్‌గార్ లేదంటాం. ఇది పనే కదా, జీతమిచ్చి కూర్చోబెట్టండి.

రెండోది ఖబరస్తాన్లు. ఖబర్ జాగా కోసం తగువులాడే కమిటీలు ఎవరిని ఎక్కడ దఫన్ చేశారో ఓ రిజిస్టర్ రాయడానికి ఏమిటి ముష్కిల్? పేరు, తండ్రి పేరు, పేషా, తారీఖ్. తల్లి పేరు కూడా రాస్తే ఇంకా మంచిది.

అన్నిటికన్నా పెద్ద ఖజానా ఖాజీల దఫ్తర్లలో ఉంది. నికాహ్ సియాహా. దుల్హన్ పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్ ఎంత, గవాహ్‌లు ఎవరు, అన్నీ ఉంటాయి. ఏ యుద్ధం రికార్డులోనూ ఎక్కని మన ఔరతుల పేర్లు అక్కడే దొరుకుతాయి. పాత సియాహాల అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి, చెదలు పడుతున్నాయి. మీ ఇంటి నికాహ్‌లు ఏ ఖాజీ సాహెబ్ దఫ్తర్‌లో ఎక్కాయో పెద్దవాళ్లను అడగండి. ఈ వానాకాలంలోపే వెళ్లి, మీ నానీ పేజీ వరకైనా ఫోటో తీసుకోండి.