ముందు ఏరియల్, తరువాతే రేడియో

కారులో పెట్టుకొనే ఉపగ్రహ రేడియో కొనడానికి వెళ్లినవారు ముందు ఏమి చూస్తారు? ధర చూస్తారు, పెట్టె అందం చూస్తారు, ఎన్ని స్టేషన్లు వస్తాయని అడుగుతారు. అట్టపెట్టె అడుగున ఉన్న చిన్న ఏరియల్‌ను మాత్రం ఇంటికి తెచ్చి ఏదో ఒక మూల అంటించి ఊరుకుంటారు. ఇది తలక్రిందుల పద్ధతి అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఇటువంటి రేడియో ఈనాడు ముఖ్యంగా అమెరికా, కెనడాలలో వాడుకలో ఉన్నది. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మీ అన్నలూ అక్కలూ వింటూ ఉండవచ్చు. ఎక్స్‌ఎమ్ అనే సంస్థ 2001లో, సిరియస్ అనే సంస్థ 2002లో ప్రసారాలు ప్రారంభించాయి. 2008లో రెండూ కలిసి సిరియస్ ఎక్స్‌ఎమ్ అయ్యాయి.

చిన్న లెక్క వేద్దాం. ఈ తరంగాల పౌనఃపున్యం సుమారు 2,330 మెగాహెర్ట్జ్; అంటే సెకనుకు 233 కోట్ల కంపనాలు. వాటి వేగం సెకనుకు 30 కోట్ల మీటర్లు. భాగించి చూడండి, తరంగదైర్ఘ్యం దాదాపు 13 సెంటీమీటర్లని తేలుతుంది. మామూలు ఎఫ్.ఎమ్. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అది అడ్డంకుల చుట్టూ కొంత వంగి వస్తుంది. 13 సెంటీమీటర్ల తరంగం అంతగా వంగదు. వెలుతురులాగే అడ్డువచ్చిన వస్తువు వెనుక నీడ వదులుతుంది. పైగా భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత దూరం వచ్చేసరికి సంకేతం ఎంత బలహీనపడుతుందో ఊహించండి! దట్టమైన చెట్ల ఆకులు సైతం దాన్ని చాలావరకు మింగేస్తాయి.

కనుక ఏరియల్‌కు ఆకాశం కనబడాలి. అన్నిటికంటె మంచి చోటు కారు పైకప్పు. అది ఇనుప రేకైతే ఏరియల్ అడుగునున్న అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. ఆ రేకు సంకేతం అందుకోవడానికీ తోడ్పడుతుంది. అంచుకు మరీ దగ్గరగా పెట్టకూడదు. పైన సామాను కట్టే కమ్మీలుంటే వాటికి ఎడంగా ఉంచాలి. తీగను తలుపు రబ్బరు అంచు కిందుగా లోపలికి తేవాలి. సన్నని తీగే కదా అని మడిచి నలిపినా, పొడవెక్కువైందని కోసి ముడివేసినా సంకేతం దెబ్బతింటుంది. బయట పెడితే కారు అందం చెడుతుందని కొందరు ముందు అద్దం లోపల దాచిపెడతారు. కొన్ని కార్ల అద్దాలకు ఎండవేడిని ఆపే పలుచని లోహపు పూత ఉంటుంది. దాని వెనుక ఏరియల్ పెట్టడమంటే, కళ్లకు గంతలు కట్టి చందమామను చూడమనడమే!

మరి వంతెన కిందికి వెళితే పాట ఆగిపోదా? మంచి ప్రశ్నే. ఒకే కార్యక్రమాన్ని సుమారు 4 సెకన్ల తేడాతో రెండుసార్లు పంపుతారు. ఒకటి తప్పిపోతే రిసీవర్ రెండవదానితో ఆ ఖాళీని పూడ్చుకుంటుంది. పెద్ద మేడలున్న నగరాలలో నేలమీద సహాయక ప్రసార కేంద్రాలూ ఉన్నాయి. ఏరియల్‌ను మనమే చీకట్లో దాచితే మాత్రం ఇవేవీ పూర్తిగా ఆదుకోలేవు.

పాటను కారు స్పీకర్లకు తీగతో కలపడమే మేలు. చిన్న ఎఫ్.ఎమ్. ప్రసారిణి ద్వారా కలిపితే నగరంలో ఇతర స్టేషన్లు అడ్డుతగులుతాయి. పెట్టెను డ్రైవరు చూపుకు అడ్డంగా గాని, ప్రమాదంలో గాలిసంచి విచ్చుకొనే చోట గాని బిగించకూడదు.

ఏరియల్ తరువాత అడగవలసినది ధర కాదు. ఈ పెట్టె ఎవరి ప్రసారాలను పట్టుకుంటుంది, ఆ ప్రసారాలు ఎంతకాలం నిలుస్తాయి అన్నది. మన దేశంలో వరల్డ్‌స్పేస్ సంస్థ ఏషియాస్టార్ ఉపగ్రహం ద్వారా రేడియో వినిపించేది. తెలుగుకు ‘స్పందన’ అనే స్టేషనుండేది. అది కారులో కాదు, ఇంట్లో వినేది. మన ప్రాంతంలో ఏరియల్‌ను ఆగ్నేయ దిక్కుకు తిప్పి పెట్టవలసి వచ్చేది. 2009 డిసెంబరు 31తో ఇక్కడ ఆ ప్రసారాలు ఆగిపోయాయి. రిసీవర్లలో ఏ లోపమూ లేదు, ఏరియళ్లూ సరిగానే ఉన్నాయి. అయినా వాటిలో మరొక సంస్థ ఉపగ్రహ ప్రసారాలు వినే వీలు లేకపోయింది.

అమెరికాలో పాత కారు కొనేవారికి కూడా ఈ చిక్కు ఉంది. సిరియస్ కోసం చేసిన పాత పెట్టె ఎక్స్‌ఎమ్ ప్రసారాలను పట్టలేదు. సంస్థలు కలిసినా పెట్టెలు కలవలేదు. మీ అన్నయ్య అక్కడ అలాంటి కారు బేరమాడుతుంటే, రేడియో ఏ రకానిదో కనుక్కొని, కారును చెట్లూ మేడలూ లేని చోటికి తీసుకుపోయి కొద్దిసేపు మోగించి చూడమని రాయండి.