నకలు ఉంది సరే.. తిరిగి తెరుచుకునేనా?

గుంటూరు: తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైట్ 2019 వేసవిలో రాన్సమ్‌వేర్ దాడికి గురైంది. గుంటూరు, ప్రకాశం జిల్లాలు నాడు ఆ సంస్థ పరిధిలోనే ఉండేవి. తెలంగాణ డిస్కంల వెబ్‌సైట్లదీ అప్పుడు అదే పరిస్థితి. సమాచారానికి తాళం వేసి సొమ్ము అడిగే ఇటువంటి దాడిలో బాధితునికి మిగిలే ఆధారం వేరేచోట దాచిన నకలే.

పెద్ద సంస్థలకు సాంకేతిక సిబ్బంది ఉంటారు. మిర్చి కమీషన్ దుకాణానికో, శీతల గిడ్డంగికో, జిన్నింగ్ మిల్లుకో ఆ వెసులుబాటు లేదు. అద్దె లైనక్స్ సర్వరులో టిక్కీల లెక్కలు, రైతుల ఖాతాలు నడిపేవారు అది పోయిన రోజున దేనిని చూపి బాకీ తేలుస్తారు?

సర్వరు సంస్థ తీసే స్నాప్‌షాట్ చాలునన్న ధీమా నిలిచేది కాదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా కేంద్రం దగ్ధమైంది. నకళ్లనూ అదే ప్రాంగణంలో ఉంచిన ఖాతాదారులు అసలుతోపాటు వాటినీ పోగొట్టుకున్నారు.

పని పెద్దది కాదు. రాత్రివేళ క్రాన్ ద్వారా మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో డేటాబేసును ఒక ఫైలుగా తీయాలి. నడుస్తున్న డేటాబేసు ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే అవి పనికిరాకపోవచ్చు. ఆ డంప్‌ను, వెబ్ ఫైళ్లను, ఈటీసీలోని అమరికలను ఆర్‌సింక్‌తో మరో ఊరి యంత్రానికి చేర్చాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. నకలు యంత్రం తాళంచెవి సర్వరులోనే ఉంటే, చొరబడినవాడు రెండింటినీ నాశనం చేయగలడు. నకలు యంత్రమే వచ్చి తీసుకువెళ్లే ఏర్పాటు మేలు. పాత ప్రతులను కొన్ని వారాలపాటు ఉంచాలి. నిన్నటి నకలులో నిన్నటి తెగులు కూడా ఉండవచ్చు మరి!

అసలు పరీక్ష పునరుద్ధరణలో ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ ఇంజినీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేసునే తొలగించారు. నిత్యం డంప్ తీయవలసిన ఏర్పాటు వెర్షన్ల తేడాతో విఫలమవుతోందని, ఆ హెచ్చరికల మెయిళ్లు కూడా చేరడం లేదని అప్పుడే బయటపడింది. సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఆదుకుంది. నడుమ నమోదైనవి పోయాయి.

కనుక కొత్త సర్వరును ఒక్కరోజుకు తీసుకుని, అదే వెర్షన్ డేటాబేసు ఎక్కించి, నకలును అందులో తెరిచి చూడాలి. ఫైళ్ల యాజమాన్యం, అనుమతులు సరిపోయాయో లేదో, చివరి బిల్లు కనబడుతోందో లేదో, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోవాలి. వేసవిలో మిర్చి యార్డుకు సెలవులు ఇస్తుంటారు. కొత్త సరుకు రాకముందే ఈ పని ముగించడానికి ఆ రోజులు అనువైనవి.