హ్యామ్‌స్టర్‌కు జబ్బు చేస్తే మన మందుల డబ్బా తెరవొద్దు

పిల్లలు అడిగారని కుక్కపిల్లకు బదులు హ్యామ్‌స్టర్‌ను కొనిచ్చే కుటుంబాలు ఇప్పుడు నగరాల్లో కనిపిస్తున్నాయి. అది మొరగదు, షికారుకు తిప్పే పని లేదు, గుప్పెడు గింజలు చాలు. చిక్కంతా దానికి ఒంట్లో బాగోలేనప్పుడే. కుక్కకు జబ్బు చేస్తే వెటర్నరీ డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లాలని అందరికీ తెలుసు. హ్యామ్‌స్టర్‌ దగ్గరికి వచ్చేసరికి ‘ఇంత చిన్న ప్రాణికి డాక్టరెందుకు’ అనుకుంటారు. మనుషుల డాక్టర్‌నైన నన్నే ‘బాబుకు రాసిన యాంటీబయాటిక్‌ సిరప్‌ మిగిలింది, రెండు చుక్కలు వేయొచ్చా సార్‌?’ అని అడిగేవారున్నారు. వద్దు. ఒక్క చుక్క కూడా వద్దు.

ఎందుకో చెబుతాను. మన ఇళ్లలో తరచూ మిగిలిపోయే సిరప్‌ల్లో అమాక్సిసిలిన్‌ ఒకటి. డాక్టర్‌ రాసినప్పుడు పిల్లలకు మేలు చేసే ఈ మందు హ్యామ్‌స్టర్‌ పాలిట విషం. దాని పేగుల్లో ఆహారం అరగడానికి తోడ్పడే మంచి బ్యాక్టీరియా ఉంటుంది. పెన్సిలిన్‌ రకం మందులు, క్లిండామైసిన్‌, ఎరిత్రోమైసిన్‌ వంటివి ఆ బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి. అప్పుడు క్లాస్ట్రిడియం డిఫిసిల్‌ అనే మరో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి విషాన్ని వదులుతుంది. పేగులు వాచి, విరేచనాలు పట్టుకుని, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. జబ్బు ముదిరి పోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి చంపింది మందు కావచ్చు.

ఈ పాఠం మా వైద్యానికి నేర్పింది కూడా హ్యామ్‌స్టర్లే. 1970ల్లో క్లిండామైసిన్‌ వాడిన కొందరు రోగుల్లో పెద్దపేగు తీవ్రంగా వాచిపోవడం డాక్టర్లను కలవరపెట్టింది. 1977లో అమెరికాలో జాన్‌ బార్ట్‌లెట్‌ బృందం ఆ మందు ఇచ్చిన హ్యామ్‌స్టర్లను పరిశీలించి, విషం వదిలే క్లాస్ట్రిడియమే కారణమని చూపింది. ఆ వెంటనే, 1978లో, మనుషుల్లోనూ క్లాస్ట్రిడియం డిఫిసిలే కారణమని తేలింది. యాంటీబయాటిక్‌ వాడాక విరేచనాలతో వచ్చే రోగిలో ఇవాళ మేం దీన్ని అనుమానిస్తున్నామంటే, ఆ చిన్న ప్రాణులకు మనం కొంత రుణపడి ఉన్నట్టే.

ఇక మోతాదు సంగతి. మనిషి బరువు 60 కిలోలు, హ్యామ్‌స్టర్‌ బరువు 120 గ్రాములు అనుకుందాం. తేడా 500 రెట్లు. బరువు లెక్కనే చూసినా మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్రకు దాని వాటా ఒక్క మిల్లీగ్రామే. చేత్తో విరిచిన పావు ముక్కలో 125 మిల్లీగ్రాములు ఉంటాయి. పైగా మందును అరిగించుకునే తీరు ఒక్కో జాతిలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఈ లెక్క కూడా నమ్మదగింది కాదు. పసిపిల్లల డ్రాప్స్‌ అయినా అంతే.

రెండు రోజులు చూద్దామనే అలవాటూ ఇక్కడ పనికిరాదు. హ్యామ్‌స్టర్‌ బతికేదే రెండు, మూడేళ్లు. మన 75 ఏళ్లతో పోలిస్తే దాని ఒక్క రోజు మనకు దాదాపు నెలతో సమానం. తోక చుట్టూ తడిగా, మురికిగా ఉండటం, నీళ్ల విరేచనాలు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. ముఖ్యంగా పిల్ల హ్యామ్‌స్టర్లు ఈ జబ్బుతో ఒకటి, రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. తిండి మానేయడం, వీపు వంచుకుని కూర్చోవడం, శ్వాసలో చప్పుడు రావడం, నీళ్లు మరీ ఎక్కువగా తాగడం, గడ్డలు కనిపించడం కూడా జబ్బు గుర్తులే. పగలు నిద్రపోవడం దాని సహజ లక్షణం కాబట్టి సాయంత్రం లేచాక గమనించాలి. వారానికోసారి వంటింటి డిజిటల్‌ కాటాపై గిన్నె పెట్టి తూచి రాసుకుంటే, కంటికి కనిపించక ముందే బరువు తగ్గడం తెలుస్తుంది.

డాక్టర్‌ దగ్గరికి వెళ్లే లోపు ఏం చేయాలి? మిగతా వాటి నుంచి వేరు చేసి, శుభ్రమైన పొడి బోనులో, సద్దు లేని చోట ఉంచాలి. తాగే నీళ్లు అందుబాటులో ఉండాలి. మన ఎండాకాలంలో వడదెబ్బ అనుమానముంటే చల్లని గదిలోకి మార్చాలి గానీ, ఐసు నీళ్లు పోయకూడదు. ఎండ ముదరక ముందే, గాలి ఆడే పెట్టెలో తీసుకెళ్లాలి. పశువైద్యులందరూ హ్యామ్‌స్టర్లను చూడరు కాబట్టి ముందే ఫోన్‌ చేసి కనుక్కోవాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే రాజేంద్రనగర్‌, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల ఉన్న వెటర్నరీ కాలేజీల్లో వాకబు చేయొచ్చు. ఇదంతా జంతువును కొన్నాక కాదు, కొనక ముందే తెలుసుకోవాలి.

ఇంట్లోవాళ్ల ఆరోగ్యమూ చూసుకోవాలి. హ్యామ్‌స్టర్‌ పైకి ఆరోగ్యంగా కనిపించినా దాని నుంచి సాల్మనెల్లా వంటి సూక్ష్మజీవులు మనకు సోకవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బోనును వంటింటి సింకులో కడగకూడదు. కొన్ని వైరస్‌లు కడుపులోని బిడ్డకు హాని చేసే వీలుంది కాబట్టి గర్భిణులు హ్యామ్‌స్టర్‌కు దూరంగా ఉండాలి. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారూ అంతే. కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో బాగా కడిగి డాక్టర్‌ను కలవాలి.

చివరికి మిగిలేది డబ్బు మాట. కొన్నది కొన్ని వందలకు, వైద్యానికి అంతకంటే ఎక్కువైతే ‘కొత్తది కొనుక్కుందాంలే’ అనిపించవచ్చు. మనకు అది వందల లెక్క. పిల్లలకు మాత్రం పేరు పెట్టి పిలుచుకునే నేస్తం. ఖరీదు తక్కువైతే ప్రాణం విలువా తక్కువేనన్న పాఠం వాళ్లకు మన చేతులతో నేర్పకూడదు. నయం కాని జబ్బయినా, నొప్పి తగ్గించడానికో, బాధ లేకుండా సాగనంపడానికో డాక్టర్‌ దగ్గర మార్గం ఉంటుంది. ఒక్కసారైనా ఆ ఫీజు కట్టడానికి సిద్ధంగా లేకపోతే హ్యామ్‌స్టర్‌ను కొనకపోవడమే మంచిది. పిల్లలకు ఆ మాట సూటిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.