చింతపండుతో తోమిన చరిత్ర

ఇత్తడి వస్తువు ఇంటికి వస్తే చింతపండుతో తోమి తళతళలాడించడం మన ఇళ్ళలో పుణ్యకార్యం వంటిది. ఆ అలవాటు చేతనే నేనొక పాపం చేశాను.

కొన్నేళ్ళ క్రితం అంతర్జాలపు వేలంలో ఒక పాత మోర్సు మీటను పాడుకున్నాను. తంతి మీదుగా చుక్కలనూ గీతలనూ పంపిన సాధనమది. న్యూయార్కుకు చెందిన బన్నెల్ సంస్థవారి 1881 నాటి పేటెంటు తరహా. అంతకు ముందరి మీటల్లో ఇరుసును విడిగా చేసి బిగించేవారు. వాడగా వాడగా వదులయ్యేది. బన్నెల్ మీటలో చేయి, ఇరుసు రెండూ ఒకే ఉక్కుముక్క.

రాగానే తోమాను. బంగారంలా మెరిసింది. మరికొన్నాళ్ళకు అమ్మకందారు పెట్టిన ఛాయాచిత్రాన్ని పెద్దది చేసి చూస్తే చట్రం అంచున సిరాతో వ్రాసిన రెండక్షరాలు కనిపించాయి. అమెరికా రైలు మార్గాలలో ఒక్కో తంతి కార్యాలయానికి ఒకటి రెండు అక్షరాల పిలుపుపేరు ఉండేది. ఇది అదే కావచ్చు. బొమ్మలో ఒక్క అక్షరమే పోల్చుకోగలిగాను. వస్తువు మీద ఇప్పుడు ఒక్కటీ లేదు.

ఈ తప్పు నా ఒక్కడిదే అయితే ఇంతగా వ్రాయనక్కరలేదు. వేలంలో మెరుపుకు ధర పలుకుతుంది కనుక అమ్మేవారు ముందే తోముతారు. మీట, శబ్దగ్రాహకం ఒకే చెక్కపై బిగించి ఉంటే విడదీసి రెండుగా అమ్ముతారు. బల్ల అడుగుకు దిగే రెండు కాళ్ళ మీటలకు ఆ కాళ్ళు కోసేసినవీ కనబడుతుంటాయి. ఆ కాళ్ళకే కదా తీగలు తగిలించేది! వారిని నిందించి లాభం లేదు. చివరి పది క్షణాలలో ధర పెంచే మనమే వారికి ఈ విద్య నేర్పాము.

వేలమే లేకుంటే ఇవన్నీ పాతసామాన్ల వాడి తక్కెడలోకి పోయేవి కావా అని అడగవచ్చు. నిజమే, ఒప్పుకుంటాను. కానీ కరిగిపోకుండా కాపాడడం వేరు, కథ చెరిగిపోకుండా కాపాడడం వేరు.

మీటలోని ప్రతి భాగానికీ ఒక కారణముంది. అమెరికా మీట పక్కన చిన్న అడ్డమీట ఉంటుంది. అక్కడి తంతిలో విద్యుత్తు ఎప్పుడూ ప్రవహిస్తూ ఉండాలి. పంపడం ముగించి దాన్ని మూయడం ఒక్కరు మరచినా ఆ మార్గమంతా మూగబోయేది. రోజంతా మీట నొక్కి చేయి పడిపోయే జబ్బును అక్కడివారు ‘గాజు చేయి’ అన్నారు. హొరేస్ మార్టిన్ 1904లో పేటెంటు పొందిన వైబ్రోప్లెక్స్ చుక్కలను తానే కొట్టి ఆ శ్రమను తగ్గించింది. అరిగిన బొత్తాము, మాసిన నల్లరంగు ఆ చేతుల సంతకాలు. వాటిని చెరిపి కొత్తరంగు పూయడం పాత ఉత్తరాన్ని ఉతికి ఆరవేయడమే.

కొత్తగా సేకరించేవారికి నా సలహా ఒకటే. అరుదైన వాటి వెంట పరుగెత్తకండి. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యపు శిక్షణకు విరివిగా చేసిన జె-38తో మొదలుపెట్టండి. ఆటబొమ్మల రైళ్ళు చేసే లయొనెల్ సంస్థ కూడా వీటిని తయారుచేసింది! కొనేముందు అడుగుభాగపు బొమ్మ అడగండి. ఎవరిది, ఎక్కడిది అని అడగండి. వచ్చిన జవాబును కాగితంపై వ్రాసి మీటతో పాటే ఉంచండి. దుమ్ము దులపడానికి పొడిగుడ్డ చాలు.

మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. టెలిగ్రాం అనగానే విప్పకముందే ఏడుపు మొదలైన ఇళ్ళు మనవి. ఆ వార్తలను మీటిన తాతగారు ఎవరింటనైనా ఉంటే, ఆయన దాచుకున్న మీటను తోమకండి. ముందు ఆయన పక్కన కూర్చోండి. నేను చెరిపిన రెండక్షరాలను చెప్పడానికి ఇప్పుడెవరూ లేరు.