చారిత్రక చిత్రములు: సమూహము, సత్యము

సేనలు, కోటలు, కోట్ల వ్యయము: వీనిచేతనే చారిత్రక చిత్రము మహత్తరమగునని మన నిర్మాతలు భ్రమించుచున్నారు. 1982లో వెలువడిన ఆటెన్‌బరోగారి ‘గాంధి’ చిత్రమును పరికింపుడు. అంత్యయాత్రా ఘట్టమునకై సుమారు 3 లక్షలమంది కూడిరి. ఆ దృశ్యము కన్నులను నింపును. కాని హృదయమును పట్టునది 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గు స్టేషనున రైలునుండి త్రోయబడి ఒంటరియైన యువ న్యాయవాది మూర్తియే.

1922లో చౌరీచౌరా పిదప, సహచరులు వలదన్నను మహాత్ముడు ఉద్యమమును నిలిపిన ఘట్టమును చూపుట ఆ చిత్రమునకు గల ధైర్యము. అంబేద్కరును, 1932 నాటి పూనా ఒడంబడికను విడిచిపుచ్చుట దాని లోపము. నాయకుని ఎదిరించినవానికి తావీయని చిత్రము స్తోత్రమగునుగాని చరిత్ర కానేరదు. భారతమునకు గౌరవము పాండవులవలననే కాదు, కర్ణునివలనను కలిగినది గదా!