నిందకు ముందు కొలత

ఒకనాడు ఇంటికి మంచినీటి బావి, వీధికి దీపం ఎంత అవసరమని మన పెద్దలు భావించేవారో, ఈనాడు చదువుకునే పిల్లలున్న ఇంటికి ఇంటర్నెట్ అంత అవసరమైపోయింది. మన రాష్ట్రంలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుండి 'దోస్త్' ద్వారా ఆ మార్గాననే జరుగుతున్నాయి. ఉపకార వేతనపు దరఖాస్తు, హాల్ టికెట్టు, పరీక్షా ఫలితం అన్నీ ఆ దారినే రావలసి వున్నది. 2020లో కరోనా వ్యాధి కారణంగా తరగతి గదులు మూతపడి, సెప్టెంబరు 1వ తేదీ నుండి పాఠాలు టీవీ తెరల మీదికి, ఫోనులలోనికి వచ్చినప్పుడు ఈ సత్యం నిస్సందేహంగా రుజువైంది. ఇక బ్రతుకు తెరువుకై గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఇంటింటా వున్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో, పిల్లలు తండ్రి ముఖం చూడగలిగే కిటికీ కూడా అదే.

అటువంటి కిటికీ సగమే తెరుచుకుంటే ఏమవుతుంది? ఇంట్లో దక్కనీ మాట్లాడేవారైనా, తెలుగు మాట్లాడేవారైనా రాత్రి తొమ్మిది దాటితే వినిపించే మాట ఒక్కటే. "నెట్ నై ఆరా" అని ఒకరు, "నెట్ వస్తలేదు" అని మరొకరు. ఈ ఫిర్యాదు నిజమైనదే. దానిని మేము తక్కువ చేసి చెప్పడం లేదు. కాని ఆ ఫిర్యాదు వెనువెంటనే వచ్చే తీర్పు పట్లనే మాకు అభ్యంతరం. కొందరు కంపెనీని తిడతారు. కొందరు ఎక్కువ డబ్బు చెల్లించి పెద్ద ప్లాను తీసుకుంటారు. కొందరు మాత్రం "అమ్మాయి రోజంతా వీడియోలు చూస్తున్నది, అందుకే నెట్ నెమ్మదించింది" అని తేల్చివేసి, కనెక్షనే తీసివేయిస్తారు. ఊళ్లోని నెట్ సెంటరుకు ఒంటరిగా వెళ్ళే అవకాశం లేని విద్యార్థినికి ఆ తీగ తెగడమంటే చదువు తెగడమే. పరీక్షించకుండా వేసిన నింద ఎప్పుడూ ఇంట్లో బలహీనుల మీదనే పడుతుంది. కాబట్టి మా మనవి ఒక్కటే: నిందించే ముందు కొలవాలి. కొలిచిన తరువాత సహించరాదు.

ప్రభుత్వాలు తమ వంతుగా కొంత దూరం తీగ తెచ్చాయి. గ్రామ పంచాయతీలను ఆప్టికల్ ఫైబరుతో కలపాలనే పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించింది. అదే తరువాత భారత్‌నెట్ అయింది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంబడే ఫైబరుకు కూడా దారి వేసి, 2024 డిసెంబరులో టీ-ఫైబర్ సేవలను కొన్ని గ్రామాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. వాటిలో మన పొరుగున పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. పట్టణాలలో ప్రైవేటు కంపెనీల తీగలు, కేబుల్ ఆపరేటర్ల తీగలు ఏనాడో వచ్చి వున్నాయి. అయితే గొట్టం ఊరికి వచ్చినంత మాత్రాన నీరు కుండలో పడదు. ఇంటి గోడ నుండి కుండ దాకా గల ఆ పది గజాలు ఎవరి బాధ్యత? అది మన బాధ్యతే. ఆ పది గజాలను చూడడానికి ఇంజనీరింగు పట్టా అక్కరలేదు. కొంత ఓపిక, ఒక నోటుపుస్తకం వుంటే చాలు.

మొట్టమొదట లెక్క తెలియాలి. కంపెనీవారు వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. కంప్యూటరులో ఒక ఫైలు దిగేటప్పుడు తెర మీద కనిపించేది తరచుగా మెగాబైట్లలో వుంటుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. సెకనుకు 40 మెగాబిట్ల ప్లాను గల ఇంట్లో ఫైలు సెకనుకు 5 మెగాబైట్ల చొప్పున దిగుతున్నదంటే అక్కడ మోసమేమీ లేదు, లెక్క సరిపోయింది. ప్రకటనలలో "100 వరకు" అని వుంటుంది. ఆ 'వరకు' అనే చిన్న మాటను మనం చదవము, కంపెనీ మాత్రం మరువదు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీసం సెకనుకు 2 మెగాబిట్లు వుండాలని 2023లో ప్రభుత్వ నిర్వచనం మారింది. అది నేల వంటిది. మనం డబ్బు చెల్లించేది పైకప్పుకు.

రెండవది కొలత. కంప్యూటరును గాని ల్యాప్‌టాపును గాని వైఫై మీద కాక, మోడెం పెట్టెకు నేరుగా తీగతో కలపాలి. ఇంట్లో మిగిలిన ఫోనులన్నిటికీ వైఫై ఆపివేయాలి. అప్పుడు వేగం కొలిచి, తేదీ, గంట వేసి వ్రాసుకోవాలి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, ఇట్లా మూడు రోజులు. తొమ్మిది అంకెలు చేతిలో వుంటే దోషం దాదాపు తన పేరు తానే చెబుతుంది. తీగ మీద వేగం వచ్చి వైఫైలో రాకపోతే కంపెనీ తప్పు లేదు, పెట్టె వున్న చోటు తప్పు. చాలా ఇండ్లలో దానిని ఇనుప బీరువా వెనుకనో, మెట్ల కింది గూటిలోనో దాచి పెడతారు. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగం గలది గాని గోడలను అంతగా దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడ దాటుతుంది గాని దాని మీద ఇరుగు పొరుగువారి రద్దీ ఎక్కువ. పెట్టెను ఇంటి నడుమకు, ఎత్తుకు చేర్చడానికి ఖర్చు లేదు. ఎండాకాలంలో రేకుల కప్పుకు ఆనించి పెట్టిన పెట్టె వేడెక్కి మొరాయించడం కూడా విడ్డూరం కాదు.

తీగ మీద కూడా వేగం రాకపోతే తీగనే చూడాలి. పెట్టె నుండి కంప్యూటరుకు వచ్చే ఆ తీగలో ఎనిమిది సన్నని పోగులు, రెండేసి చొప్పున మెలివేసి, నాలుగు జంటలుగా వుంటాయి. సెకనుకు వెయ్యి మెగాబిట్లు నడవాలంటే ఎనిమిదీ బాగుండాలి. నాలుగు పోగులు మాత్రమే బాగుంటే నూరుకు దిగి నడుస్తుంది. సిరిసిల్ల సాంచ మీద పేక పోగు తెగితే సాంచ ఆగుతుంది. ఆగింది కాబట్టి కార్మికుడు వెంటనే చూస్తాడు, పోగు అతుకుతాడు. ఈ తీగ అటువంటిది కాదు. పోగు తెగినా ఆగదు, చప్పుడు చేయకుండా నెమ్మదిస్తుంది. అందుచేతనే నెలల తరబడి ఎవరూ గమనించరు. 150 ప్లాను తీసుకున్న ఇంట్లో ఎన్నిసార్లు కొలిచినా గోడకు తగిలినట్టు 90, 95 మధ్యనే ఆగిపోతున్నదంటే మొదట అనుమానించవలసింది ఈ పోగులనే. లేదా పెట్టెకు గల రంధ్రమే నూరుకు మించి నడవనిదై వుండవచ్చు. చవక రకం పెట్టెలు అనేకం అటువంటివే. అటువంటి ఇంట్లో 300 ప్లానుకు మారడం చిల్లి కుండలో ఇంకొక బిందె పోయడమే. తలుపు సందున నలిగిన తీగ, ఎలుక కొరికిన తీగ, వదులైన మొన, ఇవన్నీ చూడగలిగినవే. ఇంట్లో సాంచలున్నవారు ఈ తీగను మోటార్లకు, కరెంటు తీగలకు ఆనించి లాగరాదు.

గోడకు ఆవల నుండి వచ్చేది గాజు తీగ. వెంట్రుక వంటి గాజు పోగులో వెలుగు ప్రయాణిస్తుంది. మలినాలు తొలగించిన గాజులో వెలుగును ఎంతో దూరం పంపవచ్చునని 1966లో చెప్పిన ఛార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమానం లభించింది. అంతకు ముందే 1950లలో గాజు పోగుల కట్ట ద్వారా చిత్రాన్ని పంపి చూపినవారిలో మన పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ వున్నారు. అంతటి మేధస్సు మన ఇంటి దాకా వస్తే, మనం దానిని మేకుకు చుట్టి మడత వేస్తున్నాము. గాజు తీగను బిగువుగా వంచితే వెలుగు ఆ వంపు వద్ద బయటికి జారిపోతుంది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగితే వెలుగు రావడం లేదని అర్థం. దీపం వెలగకపోయినా వెలుగు క్షీణించి వుండవచ్చు. దాని బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. సాధారణంగా ఇంటి పెట్టెకు మైనస్ 8కి, మైనస్ 27కి నడుమ వుండాలి. 3 డెసిబెళ్ళు తగ్గితే వెలుగు సగమైనదన్నమాట. మైనస్ 27 దరిదాపులకు వస్తే తప్పులు పెరిగి, లంకె తెగుతూ అతుకుతూ వుంటుంది. లైన్‌మన్ వచ్చినప్పుడు "వెలుగు ఎంత వస్తున్నది?" అని అడిగి, ఆ అంకెను కూడా నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. స్తంభం మీద కోతులు ఊగిన తీగకు కూడా ఆ అంకెయే సాక్షి.

ఇన్నీ సరిగా వుండి రాత్రిపూట మాత్రమే వేగం పడిపోతే? మొదట ఇంట్లోనే ఎవరు లాగుతున్నారో చూడాలి. ఫోనులు తమంతట తామే ఫొటోలను పైకి పంపుతుంటాయి. గుమ్మం ముందరి సీసీ కెమెరా రేయింబవళ్ళు పంపుతూనే వుంటుంది. పైకి పోయే దారి నిండితే కిందికి వచ్చేది కూడా తడబడుతుంది, గల్ఫ్ నుండి వచ్చే వీడియో కాల్ ముక్కలవుతుంది. పాఠం వింటున్న అమ్మాయి దోషం అందులో ఏమున్నది? ఇల్లు నిర్దోషి అని తేలితే అప్పుడు దోషం బయట వున్నది. ఒక గాజు పోగును 32 ఇండ్లకు గాని, 64 ఇండ్లకు గాని పంచడం ఈ పద్ధతిలో మామూలే. దాని మీద కిందికి వచ్చే మొత్తం సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు. ఆ పైన ఆపరేటరు కొనుక్కున్న లంకె చిన్నదైతే, అందరూ ఒక్కసారి కూర్చునే రాత్రి వేళ అందరికీ తరుగుతుంది. ఇది మన పెట్టె ఆర్పి వెలిగిస్తే పోయే జబ్బు కాదు.

ఇక్కడనే మన వారిలో రెండవ లోపం కనిపిస్తున్నది. కొలవకుండా తిట్టేవారే కొలిచిన తరువాత మౌనం వహిస్తారు. "అందరికీ అట్లనే వున్నది" అని సరిపెట్టుకుంటారు. ఇది సహనం కాదు, అలసత్వం. 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకు కంపెనీ ఒక నమోదు సంఖ్య ఇవ్వవలసి వున్నది. పరిష్కారం తృప్తికరంగా లేకపోతే ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి వ్రాసుకోవచ్చు. వ్యక్తుల ఫిర్యాదులను ట్రాయ్ తానుగా విచారించదు. అయితే టెలికాం సేవల విషయంలో కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చునని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటి మాట ఏ కార్యాలయంలోనూ నిలవదు. తేదీతో, గంటతో, తీగ మీద కొలిచిన తొమ్మిది అంకెలు నిలుస్తాయి.

ఇంకొక మాట. స్తంభం ఎక్కే లైన్‌మన్ మన ఊరివాడే, అనేక సందర్భాలలో మన కళాశాలలో చదివినవాడే. కంపెనీ చిన్న లంకె కొన్నందుకు అతడిని దుర్భాషలాడడం న్యాయం కాదు. "తమ్మీ, తీగ మీద ఉదయం 92 వచ్చింది, రాత్రి 11 వచ్చింది, ఇదిగో చూడు" అని చెప్పిన ఇంటికి అతడు ఒక దారి చూపగలడు. "నెట్ వస్తలేదు" అని మాత్రమే అరిచిన ఇంట్లో పెట్టె ఆర్పి వెలిగించి పోతాడు. వైద్యుడి వద్దకు పోయి "ఒంట్లో బాగా లేదు" అని ఊరుకుంటే మందు ఎట్లా కుదురుతుంది?

ఇదంతా విద్యార్థులకు ఎందుకని కొందరు అనవచ్చు. ఇంటర్నెట్ ద్వారా ప్రపంచ జ్ఞానాన్ని పొందమని వేదికల మీద ఉపన్యసించే మనం, ఆ జ్ఞానం వచ్చే తీగలో ఎన్ని పోగులున్నవో చెప్పకపోవడం వింత కాదా? కంప్యూటరు విషయంలో నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్న విద్యార్థి తన ఇంటి తీగ మొనను వేయలేకపోవడం ఆ విద్యార్థి లోపం కాదు, మన బోధనా పద్ధతి లోపం. కావున కళాశాల కమిటీవారికి మా విన్నపం: ఎనిమిది పోగులనూ పరీక్షించే ఒక కేబుల్ టెస్టరు, మొనలు వేసే ఒక క్రింపింగ్ పట్టకారు, కొంత తీగ కొని మన ప్రయోగశాలలో వుంచాలి. వాటికి అయ్యే వ్యయం వార్షికోత్సవపు పందిరి ఖర్చుతో పోల్చదగినది కూడా కాదు. మొదటి సంవత్సరంలోనే ప్రతి విద్యార్థి, ముఖ్యంగా ప్రతి విద్యార్థిని, ఒక తీగకు మొన వేసి పరీక్షించి చూపాలి. కొలిచే విధానాన్ని ఉర్దూలో, తెలుగులో ఒక్కొక్క పుటకు మించకుండా అచ్చువేసి ఇంటింటికీ పంపాలి.

విద్యార్థులారా! దోషం ఎక్కడున్నదో తెలుసుకోకుండా తీర్పు చెప్పరాదనేది న్యాయశాస్త్రంలో ఎంత నిజమో, తీగల విషయంలోనూ అంతే నిజం. ఈ సెలవులలో మీ ఇంట్లో, వీలైతే మీ పొరుగింట్లో, మూడు రోజుల పాటు కొలిచి వ్రాయండి. దోషం ఇంట్లో వుంటే సవరించండి. బయట వుంటే ఆ పుట చేతబట్టుకొని అడగండి. మీ చెల్లెలి మీద నింద వేయబోయే పెద్దలకు మొదట ఆ పుటనే చూపండి.